మొదటి సఫ్‌లో ఖాళీ చోటు

 

మస్జిదె నబవీని ఊడ్చి శుభ్రపరిచే ఒక నల్లజాతి స్త్రీ మదీనాలో ఉండేవారు. ఆమె మరణించినప్పుడు సహచరులు దైవప్రవక్త (స)కు తెలియజేయకుండానే ఖననం చేశారు. ఆయనకు చెప్పవలసినంత పెద్ద సంగతిగా వారికి తోచలేదు. తరువాత ఆయన (స) ఆమె గురించి విచారించారు. మరణించిందని చెప్పగా, తనకెందుకు తెలుపలేదని అడిగారు. సమాధి ఎక్కడో చూపించమని, స్వయంగా వెళ్ళి జనాజా నమాజు చేశారు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

దీనిని మేము ముప్ఫై ఏళ్ళుగా బోధిస్తున్నాము. ఖననం జరిగిపోయిన తరువాత సమాధి వద్ద జనాజా నమాజు చేయవచ్చునా, చేయకూడదా అన్న ఫిఖ్హ్ చర్చ వచ్చినప్పుడల్లా ఈ హదీసును ముందుంచుతాము. ఇమాముల అభిప్రాయాలనూ వాటి ఆధారాలనూ విద్యార్థుల చేత వల్లె వేయిస్తాము. అయితే ఆ చర్చకంతటికీ మూలమైన చిన్న సంగతి వద్ద మేము ఏనాడూ ఆగలేదు. వహీ అవతరించే ప్రవక్త, ఒక సమాజం బాధ్యతనంతా మోస్తున్న నాయకుడు, చీపురు పట్టే మనిషి కనిపించకపోవడాన్ని గమనించారు. గమనించి ఊరుకోలేదు, అడిగారు.

ఈ నెల వృద్ధుల క్షేమం గురించి వ్రాయదలచాము. అందుకు ముందు మా వల్ల జరిగిన ఒక లోపాన్ని చెప్పుకోవలసి ఉంది.

మా మొహల్లాలో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఊరంతా ఆయనను ‘ఘడీసాబ్’ అనే పిలుస్తుంది. బజారులో మెట్ల కింద చిన్న అంగడి, కంటికి బిగించుకునే భూతద్దం, చేతిలో సన్నని పట్కారు. ఈ మూడింటితో నలభై ఏళ్ళు సంసారం నడిపారు. మస్జిద్ గోడగడియారానికి కీ ఇచ్చేది ఆయనే. నమాజు వేళల పట్టికలో ముళ్ళు తిప్పేదీ ఆయనే. ఎండాకాలం వచ్చి మగ్రిబ్ వేళ జరుగుతుంటే, రెండు మూడు రోజులకొకసారి స్టూలు వేసుకుని ఎక్కి ముల్లు సరిచేసేవారు. ఫజ్ర్ నమాజులో మొదటి సఫ్‌లో ఎడమవైపు చివర ఆయన చోటు.

మూడేళ్ళ క్రితం మస్జిద్‌కు ఎర్రని అంకెలతో వెలిగే డిజిటల్ బోర్డు వచ్చింది. కమిటీలో దానిని ప్రతిపాదించింది మేమే. ఘడీసాబ్ కూడా చూసి మెచ్చుకున్నారు. కొన్ని నెలలకు ఆయన ఫజ్ర్‌కు రావడం తగ్గింది. తరువాత ఇషాకు తగ్గింది. చివరకు జుమాకు కూడా కనిపించలేదు. ఇమాం గారు ఊళ్ళో లేని రోజుల్లో నమాజు చేయించేది మేమే. తక్బీరుకు ముందు వెనుకకు తిరిగి, సఫ్‌లు సరిచేసుకోండి, మధ్యలో ఖాళీలు పూరించండి అని చెప్పడం మా విధి. చెప్పాము. పక్కవారు జరిగి ఆ ఖాళీని పూరించారు. సఫ్ నిండింది. ఎవరి చోటు నిండిందో మేము చూడలేదు. ఇలా దాదాపు నాలుగు నెలలు గడిచాయి.

ఆయన సంగతి మాకు తెలిసింది మస్జిద్‌లో కాదు, మందుల దుకాణంలో. మా మోకాళ్ళ మాత్రలకోసం వెళితే దుకాణదారు, “మీ ఘడీసాబ్ ఈమధ్య వారానికొక డాక్టరు చీటీ తెస్తున్నారండీ, పాపం” అన్నాడు. ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్ళాము. ఇద్దరు కొడుకులూ కువైట్‌లో ఉన్నారు. కడప, రాయచోటి వైపు ఇది కొత్త విషయం కాదు. నెలనెలా డబ్బు వస్తుంది, శుక్రవారం వీడియో కాల్ వస్తుంది. కోడలు వేళకు అన్నం పెడుతుంది, మందులు గుర్తుచేస్తుంది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆయన మంచం పక్కన సంచినిండా మాత్రలు. గుండె బరువుగా ఉందని ఇసీజీ తీయించారు. నిద్ర లేదని, ఒంట్లో సత్తువ లేదని రక్తపరీక్షలు చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయట.

“డాక్టరు నాకేమీ లేదన్నాడు మౌల్సాబ్. నిజమే. నాకిప్పుడు ఏమీ లేదు” అన్నారాయన.

ఆ మాట మా చెవులలో చాలా రోజులు మోగింది.

ఆ రోజులలోనే, చిన్నతనంలో మా మద్రసాలో నాజిరా ఖుర్ఆన్ చదివి, ఇప్పుడు ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్న యువకుడొకడు సెలవు మీద వచ్చాడు. మాటల మధ్య ఘడీసాబ్ ప్రస్తావన వచ్చింది. “హజ్రత్, మా దగ్గరైతే ఇలాంటివారికి డాక్టరు మాత్రలతోబాటు మనుషులను కూడా వ్రాసిస్తాడు” అన్నాడు. మొదట పరిహాసమనుకున్నాము. విచారించగా నిజమేనని తేలింది. ఆ పద్ధతి పేరు సోషల్ ప్రిస్క్రైబింగ్. మన మాటల్లో చెప్పాలంటే, మందుల చీటీ వంటి మనుషుల చీటీ.

దాని నడక ఇలా ఉంటుంది. అక్కడ ప్రజలు ముందుగా తమ పేటలోని కుటుంబ వైద్యుని వద్దకు వెళతారు. ఒక్కొక్క రోగికి ఆయన ఇవ్వగలిగేది పది నిమిషాలు. వచ్చేవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరి బాధకు మూలం శరీరంలో కాక, ఒంటరితనం, అప్పు, ఇంటి సమస్య, ఆప్తుల మరణం వంటి వాటిలో ఉంటుందని అక్కడి వైద్య వర్గాల అంచనా. అట్టివారిని వైద్యుడు ‘లింక్ వర్కర్’ అనే కార్యకర్త వద్దకు పంపుతాడు. ఈ కార్యకర్త మందులు ఇవ్వడు. ఎదురుగా కూర్చుని తీరికగా వింటాడు. మీకేమి జబ్బు అని కాక, మీకు ఏది ముఖ్యం అని అడుగుతాడు. ఆ జవాబును బట్టి తోటపని చేసే బృందానికో, కలిసి నడిచే గుంపుకో, చేతిపనుల శాలకో, అప్పుల విషయంలో సలహా ఇచ్చే సంస్థకో దారి చూపుతాడు. మొదటి రోజు వెళ్ళడానికి జంకేవారికి తోడుగా తానూ వెళతాడు. బ్రిటన్ ప్రభుత్వం 2018 జనవరిలో ఒంటరితనం సమస్యకు ప్రత్యేకంగా ఒక మంత్రిని నియమించింది. 2019 జనవరిలో ఇంగ్లండు ప్రభుత్వ వైద్య వ్యవస్థ తన దీర్ఘకాలిక ప్రణాళికలో వెయ్యిమందికి పైగా లింక్ వర్కర్లను నియమిస్తామని, 2024 నాటికి 9 లక్షల మందికి పైగా ప్రజలను వారి వద్దకు పంపుతామని ప్రకటించింది.

ఈ ఆలోచనకు పేరు తెచ్చిన చోట్లలో ఒకటి తూర్పు లండన్‌లోని బ్రామ్లీ బై బో. పేదలు నివసించే పేట అది. 1984లో ఆండ్రూ మాసన్ అనే క్రైస్తవ మతాచార్యుడు అక్కడి చర్చికి వచ్చేనాటికి ప్రార్థనకు హాజరయ్యేవారు గుప్పెడుమంది వృద్ధులు మాత్రమే. ఆయన ఆ భవనాన్ని పేట ప్రజలందరికోసం తెరిచారు. పిల్లల సంరక్షణ, కళలు, తోట, చదువు ఒక్కొక్కటిగా అక్కడికి వచ్చి చేరాయి. 1990లలో ఆ ఆవరణలోనే వైద్యశాల కూడా వెలిసింది. ఆ పేట ఉన్న టవర్ హామ్లెట్స్ ప్రాంతంలో 2021 జనగణన ప్రకారం దాదాపు 40 శాతం మంది ముస్లిములే. వారిలో ఎక్కువమంది బంగ్లాదేశ్ మూలాలవారు.

ప్రార్థనా స్థలానికీ వైద్యానికీ సంబంధమేమిటని మనలో ఎవరైనా అడుగవచ్చు. కందక యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడినప్పుడు దైవప్రవక్త (స) ఆయన కోసం గుడారాన్ని మస్జిద్‌లోనే వేయించారు. దగ్గరగా ఉంటే తరచుగా పరామర్శించవచ్చునన్నది దాని ఉద్దేశం. బుఖారీ ఉల్లేఖనమిది. నేడు హైదరాబాదులో కొన్ని మస్జిదుల ఆవరణలలో ఉచిత వైద్యశాలలు నడుస్తున్నాయంటే అది కొత్త పోకడ కాదు, మరచిపోయిన సున్నత్‌ను గుర్తుచేసుకోవడమే.

మరొక ఉదాహరణ ఇంగ్లండులోని సోమర్‌సెట్ ప్రాంతంలో ఫ్రూమ్ అనే చిన్న పట్టణం. 2013లో హెలెన్ కింగ్‌స్టన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు కలిసి ఆ ఊళ్ళో ఏయే సహాయ బృందాలున్నాయో జాబితా తయారుచేయించారు. లేనివాటిని ఏర్పరిచారు. టాక్సీ నడిపేవారికి, జుట్టు కత్తిరించేవారికి, మామూలు ఇరుగుపొరుగువారికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. తమ వద్దకు వచ్చేవారి కష్టం విని, ఫలానా చోటికి వెళ్ళండి అని దారి చెప్పడమే వారి పని. 2013, 2017 మధ్య ఆ పట్టణం నుంచి అత్యవసరంగా ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య 14 శాతం తగ్గిందని, అదే కాలంలో సోమర్‌సెట్‌లోని మిగిలిన ప్రాంతాలలో అది పెరిగిందని ఒక వైద్యపత్రికలో ప్రచురితమైంది.

ఒంటరితనం మనసును నొప్పించడంతో ఆగదు. 2010లో అమెరికా పరిశోధకులు 148 అధ్యయనాలను కలిపి, 3 లక్షలకు పైగా ప్రజల వివరాలను పరిశీలించారు. గట్టి మానవ సంబంధాలు ఉన్నవారు బతికి ఉండే అవకాశం మిగిలినవారికంటే 50 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధముందని ఆ సంస్థ అంచనా వేసింది.

అయితే ఆలిమ్ అన్నవాడు ఒక వైపు సాక్ష్యమే చూపి ఊరుకోకూడదు. 2017లో కొందరు పరిశోధకులు ఈ మనుషుల చీటీల పద్ధతిపై వచ్చిన 15 మూల్యాంకనాలను పరీక్షించారు. వాటిలో చాలావరకు చిన్నవని, సరైన పోలిక లేకుండా చేసినవని, వాటినిబట్టి ఈ పద్ధతి విజయవంతమైందని గట్టిగా చెప్పలేమని తేల్చారు. ఫ్రూమ్ విషయంలో కూడా ఇతర కారణాలు ఉండవచ్చు. కనుక ఇది సర్వరోగ నివారిణి అని మేము చెప్పబోము. చీటీ వ్రాసినంత మాత్రాన పని జరగదు. చీటీ మీద వ్రాసిన చోట నిజంగా మనుషులుండాలి, వచ్చినవారిని కూర్చోబెట్టుకోవాలి. జీతమిచ్చి లింక్ వర్కర్‌ను నియమించవచ్చు గాని పొరుగువారిని నియమించలేము.

ఇది విని మా తోటి ఉస్తాదులలో ఒకరు, “వాళ్ళు ఇప్పుడు కనిపెట్టినదాన్ని మనకు పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఇచ్చారు. రోజుకు ఐదుసార్లు జమాఅత్, వారానికొక జుమా, ఏడాదికి రెండు ఈద్‌లు. ఇంతకంటే మనుషుల చీటీ ఏముంటుంది?” అన్నారు. మాట వాస్తవం. కాని మేము తల దించుకున్నాము. ఐదుసార్లు జమాఅత్ నిలిచే చోటనే ఒక మనిషి నాలుగు నెలలు కనిపించకపోతే మాకు తెలియలేదు. ఇల్లు ఉంది, సరంజామా ఉంది, చూసే కన్ను లేదు. అక్కడ జీతమిచ్చి పెట్టుకుంటున్నది ఆ కన్నునే.

చూడడం ఒక్కటే చాలదు, అడగడం కూడా నేర్చుకోవాలి. దైవప్రవక్త (స)ను శైశవంలో సాకిన ఉమ్మె ఐమన్ (రజి) వృద్ధాప్యంలో ఉన్నారు. ఆయన పరమపదించిన తరువాత, ఆయన వెళ్ళినట్టే మనమూ ఆమెను చూసివద్దామని హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) బయలుదేరారు. ఇంటికి వెళ్ళగానే ఆమె ఏడ్చారు. ప్రవక్త (స) లేరన్న దుఃఖమనుకుని, అల్లాహ్ వద్ద ఉన్నది ఆయనకు మేలైనది కదా అని ఓదార్చబోయారు. ఆ సంగతి తనకు తెలియక కాదని, ఆకాశం నుండి వహీ రావడం ఆగిపోయినందుకు ఏడుస్తున్నానని ఆమె చెప్పారు. అప్పుడు వారిద్దరూ ఆమెతో కలిసి ఏడ్చారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసులో మనకు రెండు పాఠాలు. ముస్లిం సమాజాన్ని నడిపే మహనీయులకు కూడా ఒక వృద్ధురాలి గడప తొక్కే తీరిక ఉంది. అంతటివారి ఊహ కూడా తప్పింది. ఆమె నోట వినేదాకా ఆమె బాధ ఏదో వారికి తెలియలేదు.

మా ఊహ కూడా అలాగే తప్పింది. ఘడీసాబ్ బాధకు డిజిటల్ బోర్డే కారణమని మేము నిశ్చయించుకున్నాము. రెండవసారి వెళ్ళినప్పుడు క్షమాపణ చెప్పబోయాము. ఆయన నవ్వి, “బోర్డు మంచిదే మౌల్సాబ్. కాకపోతే రెండు నిమిషాలు ముందు నడుస్తోంది. ఏడాదినుంచి చూస్తున్నాను, ఎవరూ అడగలేదు కదా అని చెప్పలేదు” అన్నారు. ఇక మేము మాట్లాడకుండా కూర్చున్నాము. కోడలు టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాక, చాలాసేపటికి, గొంతు తగ్గించి అసలు విషయం చెప్పారు. మూత్రం ఆపుకోలేకపోతున్నారు. రాత్రి ఐదారుసార్లు లేవాలి, అందుకే నిద్ర లేదు. ఒకసారి రుకూలో ఉండగా బట్టలు తడిశాయి. ఆనాటి నుండి వుజూ నిలుస్తుందో లేదో, మస్జిద్ అపవిత్రమవుతుందేమో, పక్కనున్నవారు గ్రహిస్తారేమో అన్న భయంతో రావడమే మానేశారు. ఎనిమిది మంది వైద్యులకు గుండె బరువు, నీరసం, నిద్రలేమి చెప్పారు గాని ఈ ఒక్కమాట చెప్పలేదు.

మేము సిగ్గుపడింది అప్పుడు. ప్రతి సంవత్సరం మేము పాఠంగా చెప్పే అధ్యాయమది. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నమాజు ముగించేంత వ్యవధి కూడా ఇటువంటి ఇబ్బంది లేకుండా దొరకనివారిని హనఫీ ఫిఖ్హ్‌లో ‘మాజూర్’ అంటారు. వారు ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుంటే చాలు. ఆ వేళ ముగిసేదాకా ఆ కారణం చేత వుజూ భంగం కాదు. అంతటి ఇబ్బంది లేనివారికి వేరే ఆదేశాలున్నాయి. మస్జిద్ శుభ్రతకు హాని కలగకుండా లోపల గుడ్డగాని, దుకాణంలో దొరికే ప్యాడ్‌గాని వాడుకోవచ్చు. ఎవరి పరిస్థితి వారిది కనుక దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. ఈ సులువును పిల్లలకు వల్లె వేయించామే గాని, దీని అవసరమున్న వృద్ధుని చెవిన వేయలేదు. ధర్మం ఇచ్చిన వెసులుబాటు మా పుస్తకాలలోనే ఉండిపోయింది, భయం ఆయన ఇంట్లో ఉండిపోయింది.

మరుసటి వారం ఆయనను మూత్ర సంబంధ వ్యాధుల నిపుణుని వద్దకు తీసుకువెళ్ళాము. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిందని, ఆ వయసులో పురుషులకు అది సాధారణమేనని ఆయన మాత్రలు వ్రాశారు. రాత్రి లేవడం చాలావరకు తగ్గింది. నిద్ర పట్టడంతో సగం జబ్బులు వాటంతటవే సద్దుమణిగాయి. జుహ్ర్‌కు, అస్ర్‌కు వస్తున్నారు. ఫజ్ర్‌కు కొన్నిరోజులు వస్తారు, కొన్నిరోజులు రారు. బోర్డు వేళను వారానికొకసారి సరిచూసే పని కమిటీ ఆయనకే అప్పగించింది. తనవంటివారు ఇంకెందరో సిగ్గుతో ఇళ్ళలో కూర్చుని ఉంటారు, తప్పక వ్రాయండి అని ఆయనే అన్నందున ఈ సంగతి ఇక్కడ వ్రాస్తున్నాము.

మా ఉద్దేశం ఇప్పటికి స్పష్టమైందనుకుంటాము. వృద్ధులను గౌరవించనివాడు మనవాడు కాడన్న హదీసును మనం సభలలో విరివిగా వినిపిస్తాము. గౌరవమంటే సలాము చెప్పి కుర్చీ చూపడం వరకే అనుకుంటాము. వారి బాధ ఏమిటో వారిని అడగడం, వారు చెప్పేదాకా ఓపికగా కూర్చోవడం, చెప్పినదానిని రహస్యంగా కాపాడడం కూడా గౌరవంలోనివే.

మస్జిద్ కమిటీల పెద్దలకు మా మనవి ఇది. ప్రతి మొహల్లాలో అరవై దాటినవారి పేర్లు ఒక పుస్తకంలో వ్రాసుకోండి. మూడు రోజులు వరుసగా కనిపించనివారి ఇంటికి వెళ్ళే బాధ్యతను ఇద్దరికి అప్పగించండి. వారు ఉపదేశం చేయడానికి వెళ్ళకూడదు, నమాజుకు ఎందుకు రాలేదని నిలదీయడానికి అసలే వెళ్ళకూడదు. మీరు కనిపించక వెలితిగా ఉంది, ఎలా ఉన్నారు అని అడిగి వినాలి. వుజూఖానాలో జారని రాళ్ళు, పట్టుకోవడానికి కమ్మీ, కూర్చుని చేసుకునే వీలు, ఒక కుర్చీ మరుగుదొడ్డి, మెట్ల వద్ద దీపం ఏర్పాటు చేయండి. మినార్‌కు రంగు వేయడంకంటే ఇది ముందు జరగాలి. వెనుక వృద్ధులు, రోగులు, బలహీనులు ఉంటారు కనుక నమాజును తేలికగా చేయించమని ప్రవక్త (స) ఇమాములను ఆదేశించారు. నమాజునే వృద్ధుల కోసం తేలిక చేసిన ధర్మంలో మెట్లు కష్టంగా ఉండడం ఏమి న్యాయం?

అన్నిటికంటే ముఖ్యంగా, వారికి చోటు ఇవ్వడంతో సరిపెట్టక పని ఇవ్వండి. దస్తావేజు వ్రాసినవారుంటారు, వ్యవసాయం ఎరిగినవారుంటారు, లెక్కలు చెప్పినవారుంటారు. మక్తబ్ పిల్లలకు వారానికొక గంట వారి చేత చెప్పించండి. కావాలని అడిగించుకోవడంలో ఉండే ఆనందం సేవలు అందుకోవడంలో లేదు.

స్త్రీల విషయం ఇంతకంటే బరువైనది. మన ప్రాంతంలో చాలా మస్జిదులలో స్త్రీలకు చోటు లేదు. కనిపించడం లేదని గమనించడానికి వారికి ఒక సఫ్ అంటూ లేదు. పాతికేళ్ళు తన ఇంటి వరండాలో మొహల్లా ఆడపిల్లలకు ఖుర్ఆన్ నేర్పిన ఒక ఖాలా మా వీధిలో ఉన్నారు. నేడు పిల్లలు ఫోనులో నేర్చుకుంటున్నారు, వరండా ఖాళీ. ఉమ్మె ఐమన్ (రజి) ఇంటికి ఖలీఫా వెళ్ళారని చదివిన మనం, ఇటువంటి తల్లుల ఇళ్ళకు మన ఇంటి స్త్రీలను పంపలేమా? స్త్రీల వారపు ఇజ్తెమాను ఒకసారి ఆ ఖాలా వరండాలోనే జరపలేమా? సోదరీమణులు ఈ పనిని తమ చేతిలోకి తీసుకోవాలని కోరుతున్నాము.

దూరదేశాలలో ఉన్న కొడుకులకు, కూతుళ్ళకు ఒక మాట. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరినప్పుడు వారితో విసుగు మాట ‘ఉఫ్’ అని కూడా అనకూడదని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరహ్ ఆదేశిస్తున్నది. మీరు ఆ మాట అనడం లేదు, సంతోషం. కాని ఫోనులో, తిన్నారా, మాత్రలు వేసుకున్నారా అన్న రెండు ప్రశ్నలతో ఆగిపోకండి. మీ సంసారంలో ఏదో ఒక విషయానికి వారి సలహా అడగండి. మొహల్లాలో మీ స్నేహితుడొకనికి ఫోను చేసి, మా నాన్నను ఒకసారి బయటికి తీసుకువెళ్ళు అని చెప్పండి. ఇంగ్లండులో లింక్ వర్కర్ చేసేది ఆ పనే.

చివరగా ఒక హెచ్చరిక. నిద్రలేమి, ఏడుపు, మతిమరపు, ఆకలి మందగించడం, మాట వినిపించకపోవడం వంటివాటిని వయసు ప్రభావమని, విశ్వాస బలహీనత అని కొట్టివేయకండి. మనుషుల తోడు మందుకు బదులు కాదు. రెండూ కావాలి. వైద్యునికి దాచకుండా చెప్పమని ప్రోత్సహించండి. వృద్ధుల సహాయం కోసం దేశమంతటా 14567 నంబరు, మానసిక వేదనకు 14416 నంబరు ఉచితంగా పనిచేస్తున్నాయి. వీటిని మస్జిద్ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో వ్రాయించండి.

ఇప్పటికీ తక్బీరుకు ముందు మేము వెనుకకు తిరిగి, ఖాళీలు పూరించండి అనే చెబుతున్నాము. అది నమాజు మర్యాద. కాని సలాము తరువాత మరొకసారి వెనుకకు తిరిగి, ఈ పూట ఎవరి చోటులో ఎవరు నిలబడ్డారో చూసుకుంటున్నాము. నిన్న ఫజ్ర్‌లో ఇద్దరు కనిపించలేదు. ఒకరు కూతురి ఊరికి వెళ్ళారట. రెండవవారి ఇంటికి ఈ సాయంత్రం వెళ్ళాలి.

మన పెద్దలను చూసే కన్నును, వినే ఓపికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.